సలహా చట్టమయ్యే దారి: న్యాయ సంస్కరణలో స్వతంత్ర సంఘాల పాత్రపై పల్నాటి నుంచి ఒక సమీక్ష

చట్టం చేసే అధికారం శాసనసభలది, దానికి అర్థం చెప్పే బాధ్యత న్యాయస్థానాలది, అమలు జరిపే పని ప్రభుత్వ యంత్రాంగానిది. అయితే ఒకసారి చేసిన చట్టం కాలానికి నిలుస్తున్నదా, ఇంకొక చట్టంతో పొసగుతున్నదా, దానికి లోబడి బతికే మనుషులకు అర్థమవుతున్నదా అని తీరికగా, క్రమం తప్పకుండా, ఏ పక్షానికీ కట్టుబడకుండా చూసే పని ఈ మూడింటిలో దేనికీ పూర్తిగా అప్పగింపు కాలేదు. శాసనసభ్యులకు సమావేశాల గడువూ ఎన్నికల ఒత్తిడీ ఉంటాయి. న్యాయమూర్తి తన ముందుకు వచ్చిన వ్యాజ్యం మేరకే మాట్లాడగలడు. శాఖాధికారి తాను అమలు జరుపుతున్న చట్టాన్ని తానే తప్పుపట్టడానికి వెనుకాడతాడు. ఈ లోటును పూడ్చడానికి ఏర్పడినవే చట్ట సంస్కరణ సంఘాలు. వీటికి చట్టం చేసే అధికారం లేదు, తీర్పు చెప్పే అధికారమూ లేదు. చట్టాన్ని పరిశీలించి, సంబంధిత వర్గాలను విచారించి, కారణాలతో సహా నివేదిక సమర్పించడమే వీటి పని.

ఇటువంటి సంఘాల విలువ ఎక్కడున్నది, వాటి సలహా ఎప్పుడు ఫలిస్తుంది, ఎప్పుడు అటకెక్కుతుంది అన్న ప్రశ్నలను పల్నాటి అనుభవాన్ని దగ్గర పెట్టుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు చట్టంతో పరిచయం పాతది, చాలాసార్లు చేదుది. అడవి పన్ను, భూమి తగాదా, కౌలు, ముఠా కక్షలు, సాక్షుల భయం, ఉరిశిక్ష వంటి అంశాలు న్యాయ సంస్కరణ చర్చల్లో ఎక్కడ వచ్చినా వాటికి ఇక్కడ ఒక ఉదాహరణ దొరుకుతుంది. వాటన్నిటినీ కలిపి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. సలహా సంఘానికి ఆజ్ఞాపించే అధికారం అక్కరలేదు. బాధితులను అడిగే ఓపిక, ప్రభుత్వానికి నచ్చని మాట చెప్పగల స్వేచ్ఛ, చెప్పినదానికి జవాబు రాబట్టుకునే హక్కు ఉంటే చాలు. మన దేశంలో మొదటిది కొంతవరకు, రెండోది అప్పుడప్పుడు సమకూరాయి గానీ మూడోది ఇప్పటికీ సమకూరలేదు.

చట్టం చిక్కుపడే తీరు

చట్ట సంస్కరణ అన్న మాటలో నాలుగు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. ఒకే విషయంపై వేర్వేరు కాలాల్లో వచ్చిన చట్టాలను సారం మార్చకుండా ఒక్కచోటికి చేర్చడం ఏకీకరణ. తీర్పుల్లో, ఆచారాల్లో చెదిరి ఉన్న నియమాలను వరుసపెట్టి ఒక స్మృతిగా రాయడం క్రోడీకరణ. కాలం తీరిన చట్టాన్ని పుస్తకంలోంచి తొలగించడం రద్దు. చట్టం చెప్పే నీతినే మార్చడం అసలైన సంస్కరణ. సరళీకరణ అన్నది ఈ నాలుగింటిలోనూ ఉండవలసిన గుణం. ఎందుకంటే సామాన్యుడు తన హక్కు ఏమిటో తెలుసుకోలేని స్థితిలో ఎంత మంచి చట్టమైనా అతని పాలిట లేనట్టే.

చట్టం ఎలా చిక్కుపడుతుందో చూడడానికి కృష్ణానది ఒడ్డున ఉన్న పల్నాడు అనువైన చోటు. 1948 దాకా ఇవతలి ఒడ్డున మాచర్ల, గురజాల ప్రాంతాల్లో మద్రాసు రాష్ట్రపు చట్టాలు, అవతలి ఒడ్డున నల్లగొండ వైపు నిజాం రాజ్యపు చట్టాలు చెల్లుబాటయ్యేవి. 1956లో రెండు ఒడ్డులూ ఒకే రాష్ట్రంలోకి వచ్చినా భూమి, కౌలు వంటి ముఖ్య విషయాల్లో ఆంధ్ర ప్రాంతపు చట్టం ఒకటి, తెలంగాణ ప్రాంతపు చట్టం ఒకటి అన్న విభజన దశాబ్దాల తరబడి కొనసాగింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఉమ్మడి చట్టాలను రెండు రాష్ట్రాలూ తమకు తగినట్టు అన్వయించుకోవలసి వచ్చింది. ఒక్క శతాబ్దం లోపల ఒకే నదీతీరం ఇన్ని చట్ట వ్యవస్థల కిందికి మారినప్పుడు, ఏ నియమం మిగిలింది, ఏది మారింది అని తేల్చి చెప్పే స్థిరమైన సంస్థ ఒకటి లేకపోతే ఆ భారమంతా కక్షిదారు మీదా, అతని న్యాయవాది మీదా పడుతుంది.

అడగకుండా చేసిన చట్టం: పుల్లరి

జనాన్ని అడగకుండా చేసిన చట్టం ఎటు దారితీస్తుందో చెప్పడానికి పల్నాటి పుల్లరి ఉద్యమాన్ని మించిన ఉదాహరణ అరుదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరతరాలుగా ఊరి పశువులు మేసే అడవిని రిజర్వు అడవిగా మార్చి, మేతకు రుసుము విధించింది; ఆ రుసుమునే జనం పుల్లరి అన్నారు. మెట్ట పంటల మీద, పశువుల మీద ఆధారపడిన ప్రాంతంలో ఇది ఇంటి బతుకుదెరువు మీదనే వేసిన పన్ను. ఫిర్యాదులు ముదరడంతో మద్రాసు ప్రభుత్వం 1912లో ఒక అటవీ కమిటీని నియమించగా, గ్రామ అవసరాలకు పనికివచ్చే అడవుల నిర్వహణను గ్రామ పంచాయతీలకు అప్పగించడం మేలని ఆ కమిటీ సూచించింది. సలహా సరైనదే గానీ అమలు నెమ్మదిగా, పరిమితంగా సాగింది. 1921లో సహాయ నిరాకరణ గాలి వీచేసరికి పల్నాటి గ్రామాలు పుల్లరి కట్టడానికి నిరాకరించాయి. పరిస్థితిని విచారించడానికి గుంటూరు జిల్లా కాంగ్రెసు సంఘం తరఫున వెళ్ళినవారిలో ఉన్నవ లక్ష్మీనారాయణ ఒకరు. ఆయన అరెస్టు అయ్యారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయాడు.

ఈ చరిత్రను వీరగాథగా చదవడం న్యాయమే. చట్ట సంస్కరణ దృష్టితో చూసినప్పుడు అందులో మరో పాఠం కనిపిస్తుంది. కష్టాన్ని గుర్తించిన కమిటీ ఉన్నది, దాని సిఫార్సు ఉన్నది, అయినా ఆ సిఫార్సుపై ఏం చేశారో జనానికి సకాలంలో చెప్పవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు. విచారించడానికి వెళ్ళినవారినే నిర్బంధించిన ప్రభుత్వం, ఆ విచారణ ద్వారా తనకు అందవలసిన సమాచారాన్ని తానే పోగొట్టుకున్నది.

లా కమిషన్ పుట్టుక, పని పద్ధతి

మన దేశంలో ఈ తరహా సంఘాలకు మూలం 1833 నాటి చార్టరు చట్టం. దాని ప్రకారం 1834లో మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ ఏర్పడింది. 1837లో అది సిద్ధం చేసిన ముసాయిదా అనేక సవరణల తరువాత 1860లో భారత శిక్షాస్మృతి అయి, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. తరువాతి కమిషన్ల కృషి వల్ల సివిలు, క్రిమినలు ప్రక్రియా స్మృతులు, 1872లో కాంట్రాక్టు చట్టం, 1882లో ఆస్తి బదిలీ చట్టం వంటివి రూపుదిద్దుకున్నాయి. నరసరావుపేట కోర్టులో ఈనాటికీ ఒక తనఖా దావా నడిచినా, ప్రామిసరీ నోటు మీద వాదన జరిగినా దాని వెనుక ఆ పందొమ్మిదో శతాబ్దపు క్రోడీకరణ ఉంటుంది. ఆ స్మృతుల భాషలో స్పష్టత ఉన్నమాట నిజమే. ఏలుబడిలోని ప్రజలను అడగకుండానే రాసినవన్నదీ అంతే నిజం.

స్వతంత్ర భారతంలో తొలి లా కమిషన్ 1955లో అప్పటి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన ఏర్పడింది. 1958లో అది సమర్పించిన 14వ నివేదిక న్యాయ పాలన సంస్కరణపై ఇప్పటికీ ప్రామాణికంగా నిలిచి ఉన్నది. అప్పటి నుంచి సాధారణంగా మూడేళ్ళ కాలపరిమితితో కొత్త కమిషన్ ఏర్పడుతూ వస్తున్నది. 22వ కమిషన్ ముగిసేనాటికి నివేదికల సంఖ్య 289కి చేరింది. సాధారణంగా సుప్రీంకోర్టు లేదా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు అధ్యక్షులుగా ఉంటారు. పూర్తికాలపు సభ్యులతో పాటు కేంద్ర న్యాయశాఖ కార్యదర్శులు పదవి రీత్యా సభ్యులవుతారు. ఒక అంశం ప్రభుత్వం పంపినా, న్యాయస్థానం సూచించినా, కమిషన్ తనంతట తాను ఎంచుకున్నా పద్ధతి ఒకటే. ముందు ఉన్న చట్టాన్నీ తీర్పులనూ పరిశీలిస్తారు, ఇతర దేశాల అనుభవాన్ని చూస్తారు, సంప్రదింపు పత్రం లేదా ప్రశ్నావళి వెలువరిస్తారు, వచ్చిన అభిప్రాయాలను చర్చించి సిఫార్సులు రాస్తారు, అవసరమైతే బిల్లు ముసాయిదాను కూడా జతచేస్తారు.

ఈ పద్ధతి ఫలించినప్పుడు దాని ఫలితం ఊరూరికీ చేరుతుంది. ముందస్తు బెయిలు అన్న మాట తెలియని ఊరు ఈనాడు పల్నాటిలో ఉండదు. 1898 నాటి క్రిమినలు ప్రక్రియా స్మృతిలో ఈ ఏర్పాటు స్పష్టంగా లేకపోవడంతో, అరెస్టుకు ముందే బెయిలు ఇవ్వవచ్చునా అన్న విషయంలో హైకోర్టుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉండేవి. కె.వి.కె. సుందరం అధ్యక్షతన ఉన్న కమిషన్ 1969లో సమర్పించిన 41వ నివేదిక ఈ ప్రశ్నను చేపట్టింది. పలుకుబడి గలవారు ప్రత్యర్థులను అవమానించడానికి అబద్ధపు కేసుల్లో ఇరికించి కొన్నాళ్ళు జైలులో ఉంచే ధోరణి ఉన్నదని, రాజకీయ స్పర్ధలు పెరిగేకొద్దీ అది ఇంకా పెరుగుతున్నదని గుర్తించి, అరెస్టుకు ముందే రక్షణ కోరే వీలు కల్పించాలని చెప్పింది. 1973 నాటి కొత్త స్మృతిలో అది 438వ సెక్షనుగా చేరింది. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 482వ సెక్షను. ముఠా కక్షలు, రాజకీయ వైరాలు కేసుల రూపం తీసుకునే ప్రాంతానికి ఈ సెక్షను విలువ వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు న్యాయమూర్తుల కాలం

1995 నుంచి 2012 మధ్య లా కమిషన్‌కు అధ్యక్షత వహించినవారిలో నలుగురు తెలుగువారు: కె. జయచంద్రారెడ్డి, బి.పి. జీవన్‌రెడ్డి, ఎం. జగన్నాథరావు, పి. వెంకటరామిరెడ్డి. నలుగురూ సుప్రీంకోర్టు న్యాయమూర్తులుగా పనిచేసినవారే. ఈ కాలపు నివేదికల్లో సలహా చట్టమయ్యే దారులన్నీ కనిపిస్తాయి కనుక వాటిని కొంత వివరంగా చూడాలి.

అన్నిటికన్నా లోతైన ప్రభావం చూపినది 2000 సంవత్సరంలో జీవన్‌రెడ్డి కమిషన్ సమర్పించిన 174వ నివేదిక. హిందూ ఉమ్మడి కుటుంబంలో పుట్టుకతోనే పూర్వికుల ఆస్తిలో హక్కు పొందే బృందాన్ని కోపార్సెనరీ అంటారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఈ హక్కును కొడుకులకే మిగిల్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకు కూడా కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు ఇది వర్తించలేదు. కనుక ఒకే ఇంట్లో అప్పటికే మెట్టినింటికి వెళ్ళిన అక్కకు వాటా లేకుండా పోయింది, పెళ్ళి కాని చెల్లెలికి వాటా వచ్చింది. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఇదే బాట పట్టగా, కేరళ అంతకుముందే 1975 నాటి చట్టంతో ఉమ్మడి కుటుంబ ఆస్తి వ్యవస్థనే తీసివేసింది.

174వ నివేదిక ఈ రాష్ట్రాల ప్రయోగాలను పక్కపక్కన పెట్టి తూచింది. ప్రశ్నావళి ద్వారా అభిప్రాయాలు సేకరించి, ఆంధ్ర, కేరళ నమూనాల మంచిచెడ్డలను విచారించి, కూతుళ్ళకు కోపార్సెనరీ హక్కును దేశమంతటికీ విస్తరించాలని చెప్పింది. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన సవరణ చట్టం నివేదిక చెప్పినదానికన్నా ముందుకు వెళ్ళింది. పెళ్ళయిన కూతుళ్ళను మినహాయించే నిబంధన బిల్లు దశలో ఉన్నా, చివరి చట్టంలో దానిని తొలగించారు. తండ్రి ఆ తేదీకి బతికి ఉండనక్కరలేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇక్కడ రాష్ట్ర శాసనసభ ప్రయోగం చేసింది, సలహా సంఘం ఆ ప్రయోగాన్ని పరీక్షించింది, పార్లమెంటు దానిని విస్తరించింది, న్యాయస్థానం సందేహం తీర్చింది. తెలుగు నేలమీద మొదలైన ఒక మార్పు ఇరవై ఏళ్ళలో దేశపు చట్టం కావడానికి మధ్యలో నిలిచిన వంతెన ఆ నివేదికే.

జగన్నాథరావు విషయంలో దారి కోర్టు నుంచి మొదలైంది. హైదరాబాదు జంట జలాశయాల సమీపంలో పెట్టదలచిన ఒక పరిశ్రమపై ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కేసులో 1999లో ఆయన రాసిన సుప్రీంకోర్టు తీర్పు, శాస్త్ర సంబంధమైన పర్యావరణ వివాదాలను తేల్చడానికి మామూలు వ్యవస్థ చాలదని గుర్తించి, ఈ విషయాన్ని పరిశీలించవలసిందిగా లా కమిషన్‌ను కోరింది. తరువాత ఆయనే కమిషన్ అధ్యక్షుడైనప్పుడు 2003లో పర్యావరణ న్యాయస్థానాలపై 186వ నివేదిక వెలువడింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల సిమెంటు కర్మాగారాల మధ్య బతికే జనానికి అటువంటి వేదిక ఎందుకు కావాలో విడమరచనక్కరలేదు.

ఆయన అధ్యక్షతనే 2006లో వచ్చిన 198వ నివేదిక సాక్షుల గుర్తింపు గోప్యత, సాక్షుల రక్షణ అనే అంశాలపైనది. కక్షల వల్ల జరిగే హత్య కేసుల్లో సాక్షి కోర్టుకు వచ్చి ముందు చెప్పిన మాట మార్చడం, అంటే ఎదురు తిరగడం, పల్నాటి కోర్టులకు కొత్త కాదు. ఊళ్ళో రోజూ ఎదురుపడే మనిషి మీద సాక్ష్యం చెప్పి, సాయంత్రానికి అదే ఊరికి తిరిగి వెళ్ళవలసినవాడికి ప్రమాణం కన్నా ప్రాణం ముందుంటుంది. నివేదిక వచ్చిన పన్నెండేళ్ళకు, 2018 డిసెంబరులో, మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి చట్టం వచ్చేదాకా అదే అమలులో ఉండాలన్నది. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 398వ సెక్షను ఇప్పుడు ప్రతి రాష్ట్రమూ ఇటువంటి పథకాన్ని ప్రకటించాలని చెబుతున్నది. సలహా వృథా కాలేదు. కానీ ఆలస్యమైన ఆ సంవత్సరాల్లో భయపడి మాట మార్చిన సాక్షులకూ, న్యాయం అందని బాధితులకూ ఆ ఆలస్యం తీరని నష్టమే. జయచంద్రారెడ్డి కమిషన్ 1996లో 154వ నివేదికలో సూచించిన బాధితుల పరిహార పథకం కూడా 2008 సవరణతో గానీ చట్టానికి ఎక్కలేదు.

స్వేచ్ఛకు గీటురాయి

సలహా సంఘం స్వతంత్రత దాని పేరులో ఉండదు. ప్రభుత్వం వినడానికి ఇష్టపడని మాట చెప్పవలసి వచ్చినప్పుడు అది బయటపడుతుంది. మరణశిక్ష ఇందుకు ఉదాహరణ. 1967లో 35వ నివేదిక మరణశిక్షను కొనసాగించాలని చెప్పింది. 2015 ఆగస్టులో ఎ.పి. షా అధ్యక్షతన వచ్చిన 262వ నివేదిక ఉగ్రవాదానికీ, దేశంపై యుద్ధానికీ సంబంధించిన నేరాలు మినహా మిగతా అన్నిటికీ దానిని తొలగించాలని సూచించింది. ఈ నివేదికతో విభేదించినవారిలో పదవి రీత్యా సభ్యులైన ప్రభుత్వ కార్యదర్శులిద్దరూ ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగులను స్వతంత్ర సంఘంలో సభ్యులుగా కూర్చోబెట్టడం సరైనదేనా అన్న ప్రశ్నకు ఆ అసమ్మతి ఒక ఆధారం.

ఈ చర్చ పల్నాటికి దూరపుది కాదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట సమీపంలో దోపిడీ ప్రయత్నంలో బస్సును తగలబెట్టడంతో 23 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ కేసులో ఇద్దరు దళిత యువకులకు పడిన ఉరిశిక్షను సుప్రీంకోర్టు సైతం ఖరారు చేసింది. పౌరహక్కుల ఉద్యమకారులు, రచయితలు చేసిన విజ్ఞప్తుల తరువాత 1998లో రాష్ట్రపతి దానిని యావజ్జీవంగా మార్చారు. ప్రాణాలు పోయిన కుటుంబాల దుఃఖమూ, పేదరికంలో పుట్టి పెరిగినవారికే ఉరి ఎక్కువగా ఎదురవుతుందన్న వాదనా ఒకే కేసులో ఎదురెదురుగా నిలిచాయి. ఇటువంటి ప్రశ్నను ఎన్నికల సభలో తేల్చలేరు, ఒక్క కేసు తీర్పులోనూ తేల్చలేరు. దేశమంతటి తీర్పులను, శిక్షల్లోని వ్యత్యాసాలను ముందు పెట్టుకుని నిదానంగా ఆలోచించే సంఘమే దానిని తగిన విధంగా చేపట్టగలదు. అర్ధశతాబ్దం తరువాత తన పాత అభిప్రాయాన్ని కారణాలు చెప్పి మార్చుకోగలగడం అటువంటి సంఘానికి బలమే.

రద్దు, సరళీకరణ, భాష

కాలం తీరిన చట్టాల తొలగింపు సలహా సంఘాలు చేసే పనుల్లో అందరికీ కనిపించేది, వివాదం తక్కువైనది. 2014లో 20వ లా కమిషన్ వెంటనే రద్దు చేయదగిన పాత చట్టాలపై 248 నుంచి 251 దాకా నాలుగు మధ్యంతర నివేదికలు ఇచ్చింది. గంగానదిలో తిరిగే పడవల నుంచి సుంకం వసూలుకు 1867లో చేసిన చట్టం వంటివి అప్పటిదాకా పుస్తకంలో నిలిచి ఉండేవి. ఆ నివేదికలు, ప్రభుత్వం వేసిన మరో కమిటీ జాబితా ఆధారంగా ఆ తరువాతి పదేళ్ళలో 1,500కు పైగా కేంద్ర చట్టాలు రద్దయ్యాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం అంతకుముందే తమ పని ముగించుకున్న సవరణ చట్టాలు, వ్యయానుమతి చట్టాలు. కనుక సంఖ్య ఎంత పెద్దదైనా సామాన్యుని జీవితంలో చట్టం అంతమేరకు తేలికయిందని చెప్పలేము.

సామాన్యునికి చట్టాన్ని దగ్గర చేసే సరళీకరణ భాషతో మొదలవుతుంది. ఈ విషయంలో పల్నాటికి చెప్పుకోదగిన వారసత్వం ఉన్నది. నరసరావుపేట ప్రాంతం నుంచి వచ్చిన కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడు సత్తెనపల్లికి చెందిన వావిలాల గోపాలకృష్ణయ్య. ప్రభుత్వ కార్యాలయాల్లో తెలుగు ఎంతవరకు అమలవుతున్నదో చూసి సలహా చెప్పడం ఆ సంఘం పని; తరువాతి కాలంలో సి. నారాయణరెడ్డి, ఎ.బి.కె. ప్రసాద్ వంటివారు కూడా దానికి అధ్యక్షత వహించారు. ఇదీ ఒక సలహా సంఘమే, దీని సమస్యా అదే: చెప్పగలదు గానీ చేయించలేదు. కేంద్ర చట్టాలకు ప్రాంతీయ భాషల్లో అధికారిక పాఠాలు ప్రచురించే వీలును 1973 నాటి చట్టం కల్పించింది. కింది కోర్టుల భాషను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. ఇన్ని ఏర్పాట్లు ఉన్నా, సొంత భూమి గురించి వచ్చిన తీర్పును చదివి చెప్పమని గురజాల రైతు ఇంకొకరిని అడగవలసి వస్తున్నంతకాలం సరళీకరణ సగంలో ఆగినట్టే.

2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన మూడు కొత్త నేర చట్టాల అనుభవం కూడా ఇక్కడ గమనించదగినది. 511 సెక్షన్ల శిక్షాస్మృతి స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ప్రక్రియా స్మృతి మాత్రం 484 సెక్షన్ల నుంచి 531కి పెరిగింది. సెక్షన్ల సంఖ్య తగ్గినంత మాత్రాన చట్టం సరళమైందనలేము, పెరిగినంత మాత్రాన జటిలమైందనీ అనలేము. ఈ మార్పుకు ముందు జరిగిన అధ్యయనాన్ని కేంద్రం లా కమిషన్‌కు అప్పగించకుండా, 2020లో నల్సార్ వ్యవస్థాపక ఉపకులపతి రణబీర్ సింగ్ అధ్యక్షతన వేరే కమిటీకి అప్పగించింది. అంత విస్తృతమైన మార్పుకు కారణాలను విడమరచి చెప్పే బహిరంగ నివేదిక 1969లో ఉన్నట్టు ఈసారి పౌరుల చేతికి అందలేదు. చట్టం ఎందుకు మారిందో తెలియకపోతే, దానిని అన్వయించవలసిన కింది కోర్టు న్యాయమూర్తికి సైతం దారి చూపే ఆధారం ఒకటి తగ్గినట్టే.

పరిమితులు, అభ్యంతరాలు

భారత లా కమిషన్‌కు మూడు లోపాలు ఉన్నాయి. మొదటిది, దానిని ఏర్పరచే చట్టమే లేదు. ప్రతిసారీ ప్రభుత్వ ఉత్తర్వుతో పుడుతుంది. రెండోది, కొనసాగింపు లేదు. 21వ కమిషన్ కాలం 2018 ఆగస్టుతో ముగియగా, 2020లో ప్రకటించిన 22వ కమిషన్‌కు అధ్యక్షుడు వచ్చింది 2022 నవంబరులో. అంటే నాలుగేళ్ళకు పైగా దేశానికి పనిచేసే లా కమిషన్ లేదు. మూడోది, అన్నిటికన్నా పెద్దది: నివేదికపై ప్రభుత్వం ఫలానా గడువులోగా జవాబు చెప్పాలన్న నియమం లేదు.

ఇంగ్లండులో 1965 నాటి చట్టం లా కమిషన్‌ను శాశ్వత సంస్థగా నెలకొల్పి, చట్టాన్ని క్రమపద్ధతిలో సమీక్షించడం, అనవసరమైన శాసనాలను తొలగించడం, చట్టాన్ని సరళం చేయడం దాని విధులని రాసింది. ఆ సంస్థ కృషి వల్ల 3,000కు పైగా పాత చట్టాలు పూర్తిగా రద్దయ్యాయి. 2009లో చేసిన మరో చట్టం ప్రకారం, కమిషన్ సిఫార్సుల్లో వేటిని అమలు చేశారో, వేటిని ఎందుకు చేయలేదో మంత్రి ఏటా పార్లమెంటుకు నివేదించాలి. న్యూజిలాండు 1985లో, దక్షిణాఫ్రికా 1973లో తమ కమిషన్లను చట్టంతోనే ఏర్పరచాయి. మన దేశంలోనూ కర్ణాటక 2009లో, ఉత్తరప్రదేశ్ 2010లో రాష్ట్ర లా కమిషన్ల కోసం చట్టాలు చేశాయి, కేరళలో వి.ఆర్. కృష్ణయ్యర్ అధ్యక్షతన ఒక సంస్కరణ కమిషన్ పనిచేసింది.

ఎన్నిక కాని కొద్దిమందికి ఇంత ప్రాముఖ్యం ఎందుకు అన్న అభ్యంతరం ఒకటుంది. అది కొట్టివేయదగినది కాదు. కానీ సలహా సంఘం నిర్ణయాన్ని శాసనసభ నుంచి లాక్కోదు. శాసనసభ కళ్ళు తెరిచి నిర్ణయించే వీలు కల్పిస్తుంది. సిఫార్సును తోసిపుచ్చే హక్కు ప్రజాప్రతినిధులకు ఎప్పుడూ ఉంటుంది, కారణం చెప్పి తోసిపుచ్చాలన్నదే ఇక్కడి కోరిక. ఇంకా బలమైన అభ్యంతరం మరొకటి. విశ్రాంత న్యాయమూర్తులు ఢిల్లీలో కూర్చుని ఇంగ్లీషులో పంపే ప్రశ్నావళి వెల్దుర్తి కౌలు రైతుకో, బొల్లాపల్లి తండా మహిళకో చేరదు. ఇది నిజం, దీనికి పరిష్కారం సంఘాన్ని వద్దనుకోవడంలో లేదు, దానిని జనానికి దగ్గరగా తీసుకురావడంలో ఉన్నది.

రాష్ట్రానికి కావలసినది

రైతు జీవితాన్ని నేరుగా తాకే భూమి, కౌలు, నీరు వంటి విషయాలు రాజ్యాంగం ప్రకారం ప్రధానంగా రాష్ట్రాలవి. కనుక పల్నాటికి నిజంగా ఉపయోగపడే సంస్కరణలో ఎక్కువ భాగం రాష్ట్ర స్థాయిలోనే జరగాలి. కౌలు చట్టాల తీరు చూస్తే ఈ అవసరం తెలుస్తుంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం తరువాత, 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది; 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం దాని స్థానంలోకి వచ్చి, భూయజమాని సమ్మతితో కూడిన ఒప్పందం ఉంటేనే కార్డు దక్కే పద్ధతి పెట్టింది. మిర్చి, పత్తి వేసే కౌలుదారు పెట్టుబడంతా తనదే పెట్టినా, యజమాని సంతకానికి జంకితే బ్యాంకు అప్పుకూ నష్టపరిహారానికీ దూరమవుతాడు. మూడు చట్టాల్లో ఏది ఎంతవరకు పనిచేసిందో గ్రామాల్లో విచారించి బహిరంగ నివేదిక ఇచ్చే శాశ్వత సంస్థ ఉంటే, ప్రతి కొత్త చట్టమూ పాతదాని వైఫల్యాన్ని తెలుసుకుని మొదలయ్యేది.

భూ హక్కుల చట్టం అనుభవం ఇంకా తాజాది. భూమి రికార్డునే తిరుగులేని హక్కు పత్రంగా చేయాలన్న ఆలోచనతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కుల చట్టం 2023 అక్టోబరులో అమలులోకి వచ్చింది. యాజమాన్య తగాదాలను సివిలు కోర్టుల పరిధి నుంచి తప్పించి అధికారుల చేతికిస్తున్నదని రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించారు. 2024 ఎన్నికల్లో అది ప్రధాన వివాదమైంది. ఆ ఏడాది జులైలో కొత్త శాసనసభ దాని రద్దు బిల్లును ఆమోదించింది. రికార్డులు స్పష్టంగా ఉండాలన్న లక్ష్యాన్ని కాదనేవారు లేరు. కానీ ఆ లక్ష్యానికి ఏ దారి తగినది, పాత సర్వే తప్పులను ఎవరు సరిదిద్దాలి, అధికారి తప్పు చేస్తే రైతు ఎక్కడికి వెళ్ళాలి అన్న ప్రశ్నలను చట్టానికి ముందు ఒక స్వతంత్ర సంఘం జనం మధ్య చర్చకు పెట్టి ఉంటే, ఇంత పెద్ద సంస్కరణ చట్టమై, రద్దై, మళ్ళీ మొదటికి వచ్చేది కాదు.

కనుక ఆంధ్రప్రదేశ్‌లో చట్ట సంస్కరణ సంఘం శాసనసభ చేసిన చట్టం ద్వారానే ఏర్పడాలి. దాని కాలపరిమితి ప్రభుత్వాల మార్పుతో ముడిపడకూడదు. న్యాయమూర్తులతో పాటు కింది కోర్టుల న్యాయవాదులు, రెవెన్యూ వ్యవహారాలు తెలిసినవారు, రైతు, మహిళా, గిరిజన వర్గాల అనుభవం గలవారు అందులో ఉండాలి. ప్రభుత్వ కార్యదర్శులు సమాచారం ఇవ్వాలే గానీ సభ్యులుగా ఓటు వేయకూడదు. సంప్రదింపు పత్రాలు, నివేదికలు, ముసాయిదాలు ముందు తెలుగులో వెలువడాలి, విచారణలు మాచర్ల, గురజాల, వినుకొండ వంటి పట్టణాల్లో బహిరంగంగా జరగాలి. నివేదిక అందిన ఆరు నెలల్లో ప్రభుత్వం తన జవాబును కారణాలతో శాసనసభ ముందుంచాలి. వీటిలో చివరిది లేకపోతే మిగిలినవన్నీ మంచి ఉద్దేశాలుగానే మిగులుతాయి. 1912 నాటి అటవీ కమిటీ నుంచి 198వ నివేదిక దాకా జరిగిన నష్టమంతా సలహా లేకపోవడం వల్ల జరగలేదు, సలహాకు జవాబు చెప్పవలసిన అవసరం ఎవరికీ లేకపోవడం వల్ల జరిగింది. ఆ అవసరాన్ని చట్టంలోనే రాసుకున్న రోజున, ఆజ్ఞాపించే అధికారం లేని సంఘం మాటకు కూడా రాష్ట్రంలో తగిన బరువు వస్తుంది.